తప్పెప్పుడూ కార్పొరేటర్‌దేనా?

మా వైపు కార్బొరేటర్‌ని చాలామంది 'కార్పొరేటర్' అంటారు. యాలాల్‌లోనూ అంతే, తాండూరులోనూ అంతే. ఆ పేరులోనే ఏదో ఉన్నట్టుంది. పట్నంలో నల్లా రాకపోయినా, మోరీ నిండినా తిట్లన్నీ కార్పొరేటర్‌కి పడ్డట్టే, బండిలో ఏది చెడ్డా నింద దీని మీదే పడుతుంది. "అన్నా, పికప్ వస్తలేదు" అంటే "కార్పొరేటర్ ఖరాబైంది". "మైలేజీ పడిపోయింది" అంటే "కార్పొరేటర్ సాఫ్ చెయ్యాలె". "పొద్దున స్టార్ట్ అయితలేదు" అన్నా అదే జవాబు. ఈమధ్య దీనికి తోడు ఇంకో ముద్దాయి దొరికాడు: ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అదే ఈ-20. ఇప్పుడు తీర్పు ఇంకా సులువు. కార్పొరేటర్ కాకపోతే ఈ-20, అదీ కాకపోతే బండి అమ్మెయ్యమని సలహా.

విచారణ మాత్రం ఎవరూ చెయ్యరు. నా గొడవంతా అక్కడే.

మనం రోజూ చేసే పనిలో ఒక చిన్న సూత్రం ఉంది కదా. కోడ్ ఎవరూ ముట్టుకోలేదు, నిన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచింది, ఇవాళ పడిపోయింది. అప్పుడు ఎవరైనా ముందు కోడ్ మార్చడం మొదలుపెడతారా? డిస్కు నిండిందా, సర్టిఫికెట్ గడువు తీరిందా, అవతలివాడు ఏమైనా మార్చాడా అని చూస్తాం. కార్బొరేటర్ కూడా అంతే. అదొక లోహపు డబ్బా, అందులో నాలుగు ఇత్తడి జెట్లు, ఒక సూది, ఒక ఫ్లోటు. దానికి బుర్ర లేదు, కాబట్టి బుద్ధి మారదు. నిన్నటిదాకా సరిపోయిన స్క్రూ సెట్టింగు రాత్రికి రాత్రి తప్పైపోదు. దానికి వచ్చే గాలో, పెట్రోలో, అవతల మండించే నిప్పో మారి ఉంటుంది. లేదా దాని లోపల ఏదో అడ్డం పడి ఉంటుంది. ఏది మారిందో కనుక్కోకుండా స్క్రూ తిప్పడమంటే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా థర్మామీటరు విదిలించడమే.

"ఇంజెక్షన్ బళ్ళ కాలంలో ఈ పాత పురాణం ఎందుకయ్యా" అంటారేమో. నిజమే, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్ళు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. కానీ యాలాల్ మండలంలో ఏ ఊరి చౌరస్తాలో అయినా ఒక పావుగంట నిలబడి చూడండి. 1994లో మొదలైన స్ప్లెండర్ వంశం వాళ్ళు వరసగా కనపడతారు. హీరో, హోండా విడిపోతున్నట్టు 2010 డిసెంబరులోనే ప్రకటించారు, కానీ ఇక్కడ ట్యాంకుల మీద ఆ రెండు పేర్లూ ఇంకా కలిసే ఉన్నాయి. ఆ బండి మీదే పాల క్యాన్లు వెళ్తాయి, యూరియా బస్తా వస్తుంది, ముసలాయన్ని తాండూరు ఆసుపత్రికి తీసుకెళ్తారు, నాపరాతి గనుల్లో పనికి పోతారు. మనకి బండి పాడైతే క్యాబ్ బుక్ చేసుకుంటాం. అక్కడ బండి పాడైతే ఆరోజు కూలి పోతుంది. అలాంటి బండికి తప్పు నిర్ధారణ చేసి అనవసరంగా కొత్త కార్బొరేటర్ వేయించడం చిన్న విషయమేమీ కాదు.

సరే, విచారణ ఎలా చెయ్యాలో చూద్దాం.

మొదటి ప్రశ్న: ఇబ్బంది ఎప్పుడు వస్తోంది? "యాభై దాటితే కొట్టుకుంటోంది" అని చెప్తాం మనం. కార్బొరేటర్‌కి స్పీడుతో సంబంధం లేదు, రేసు ఎంత తిప్పారన్నదే దానికి లెక్క. మామూలు స్లైడ్ కార్బొరేటర్లో, రేసు వదిలేసినప్పటి నుంచి ఎనిమిదో వంతు తిప్పేదాకా పైలట్ జెట్టు (మనవాళ్ళు స్లో జెట్టు అంటారు) రాజ్యం. అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడు కింది కోత ప్రభావం. పావు నుంచి ముప్పావు దాకా సూదిది. ముప్పావు దాటాక మెయిన్ జెట్టుది. సరిహద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదాన్లో ఒకటి కలుస్తాయి, కానీ పంపకం మాత్రం ఇదే. హ్యాండిల్ గ్రిప్పు మీద చిన్న టేపు ముక్క అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకుని ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి రండి. ఏ గుర్తు దగ్గర మొరాయిస్తోందో తెలిస్తే సగం కేసు తేలినట్టే. స్లోలో ఆగిపోతున్న బండికి మెయిన్ జెట్టు మార్చడం, ఫుల్ రేసులో లాగని బండికి స్లో స్క్రూ తిప్పడం.. ఇవి రెండూ ఒక మాడ్యూల్‌లో బగ్గుకి ఇంకో మాడ్యూల్ తిరగరాయడం లాంటివి.

ఏ రేసులో అయినా ఒకేలా ఇబ్బంది పెడుతోందా? అయితే కార్బొరేటర్‌ని వదిలేసి బయట వెతకండి. ఒకేసారి అన్ని జెట్లూ చెడిపోవడం అరుదు.

రెండో మెట్టు గాలి. తాండూరు ప్రాంతంలో అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది దీన్నే. హైదరాబాదులో సగం పాత ఇళ్ళ నేలకి పరిచిన బండలు ఈ ప్రాంతానివి, అటు షాబాదువే. ఆ రాయి కోసి నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, లోడు లారీలు, ఎండాకాలంలో నల్లరేగడి ధూళి.. ఇదంతా ఎక్కడికి పోతుంది? కొంత మన ఊపిరితిత్తుల్లోకి, కొంత బండి ఎయిర్ ఫిల్టర్లోకి. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గుతుంది, పెట్రోలు వాటా పెరుగుతుంది, మిశ్రమం చిక్కనవుతుంది. పికప్ పోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. అచ్చం 'కార్పొరేటర్ ఖరాబైన' లక్షణాలే! కంపెనీ పుస్తకంలో ఇన్ని వేల కిలోమీటర్లకి ఫిల్టరు మార్చమని రాసి ఉంటుంది, దుమ్ములో తిరిగే బండికి అంతకన్నా ముందే మార్చమని కూడా అందులోనే ఉంటుంది. ఆ రెండో వాక్యం తాండూరు కోసమే రాసినట్టుంటుంది. ఫోము ఫిల్టరైతే కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, నూనెలో ముంచి పిండి బిగించొచ్చు. నూనె పట్టించిన కాగితం ఫిల్టరైతే గాలి కొట్టినా లాభం లేదు, మార్చడమే.

కొందరు ఫిల్టరు తీసి పక్కన పారేసి "చూశారా, ఎంత పికప్ వచ్చిందో" అంటారు. వస్తుంది మరి, మూసుకుపోయినది తీసేశారు కాబట్టి. ఆ తర్వాత దుమ్మంతా నేరుగా సిలిండర్లోకి పోయి, కొన్నాళ్ళకి బండి 'బోరుకొస్తుంది'. ఫిల్టరు ఖరీదెంత, బోరు ఖర్చెంత?

గాలి ఇంకో దారిలో కూడా మోసం చేస్తుంది. కార్బొరేటర్‌కీ ఇంజనుకీ మధ్య ఉండే రబ్బరు గానీ గాస్కెట్ గానీ పగిలితే, లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. అప్పుడు రేసు వదిలినా ఇంజను వెంటనే కిందికి దిగదు, స్లో ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. బండి స్లోలో నడుస్తుండగా ఆ అతుకు మీద కొంచెం నీళ్ళు చిలకరించి చూడండి. శబ్దం మారిందంటే దొంగ దొరికినట్టే. (అక్కడ పెట్రోలో, క్లీనర్ స్ప్రేనో కొట్టే సాహసం చెయ్యకండి, ఇంజను వేడిగా ఉంటుంది.)

మూడో మెట్టు నిప్పు. ప్లగ్గు, ప్లగ్గు క్యాపు, ఇగ్నిషన్ కాయిల్. చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, పది కిలోమీటర్లు పోయాక మిస్సింగ్ కొట్టి, కాసేపు నీడన పెడితే మళ్ళీ నడిచే బండికి కార్బొరేటర్ విప్పేముందు కాయిల్‌ని అనుమానించాలి. టాపెట్లు బాగా బిగుసుకుపోయినా వేడెక్కాక ఇలాంటి తంటాలే. టాపెట్ సౌండు వినపడకుండా బిగించమని మెకానిక్‌ని సతాయించేది మనమే, అది వేరే సంగతి.

నాలుగోది పెట్రోలు దారి. ట్యాంకు మూతకి గాలి పోవడానికి సన్నటి దారి ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ లోపల గాలి పల్చబడి, చివరికి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. కొంత దూరం పోయాక బండి ఆగుతుంది. మూత తీస్తే 'స్స్' మని శబ్దం, మళ్ళీ స్టార్ట్! ఈ ఒక్క పరీక్షకి పైసా ఖర్చు లేదు. అలాగే ట్యాప్ దగ్గరి జాలీ. కార్బొరేటర్ పైపు ఊడదీసి ఒక సీసాలోకి పెట్రోలు వదిలితే ధార నిలకడగా రావాలి, చుక్కలు చుక్కలుగా కాదు. ఇక్కడ ఒక మంచి గుర్తు చెప్తాను. ఫుల్ రేసులో మొదటి కొన్ని సెకన్లు బాగా లాగి ఆ తర్వాత నీరసపడితే, ఫ్లోటు గిన్నెలో ఉన్న పెట్రోలు అయిపోయిందన్నమాట. అంటే సరఫరా చాలడం లేదు. ఫుల్ రేసు తిప్పిన క్షణం నుంచే లాగకపోతే మెయిన్ జెట్టు సంగతి చూడాలి. రెండిటికీ ఫిర్యాదు ఒకటే, "పికప్ లేదు". రోగాలు మాత్రం వేరు.

ఇవన్నీ దాటాకే కార్బొరేటర్ బోనెక్కాలి. అప్పుడైనా మిశ్రమం చిక్కనా, పల్చనా అన్నది ముందు తేల్చాలి. చోకు సగం వేసి నడపండి. చోకు వేస్తే బాగుపడితే మిశ్రమం పల్చగా ఉన్నట్టు, ఇంకా పాడైతే అప్పటికే చిక్కగా ఉన్నట్టు. చల్లటి పొద్దున కూడా చోకు అక్కర్లేకుండా స్టార్టయి, వేడెక్కాక బరువుగా నడిస్తే చిక్కన. వేడెక్కేదాకా దగ్గుతూ, చోకు తీస్తే ఆగిపోతే పల్చన. ప్లగ్గు విప్పి చూస్తే ఇటుక రంగో, లేత గోధుమ రంగో ఉండాలి. పొడి మసి పట్టి ఉంటే చిక్కన, తెల్లగా కాలిపోయినట్టుంటే పల్చన, జిడ్డుగా తడిగా ఉంటే అది నూనె. పొగ కూడా సాక్ష్యం చెప్తుంది. నల్ల పొగ పెట్రోలు ఎక్కువైనందుకు. ఫోర్-స్ట్రోక్ బండిలో నీలంగా వచ్చే పొగ ఇంజనాయిలు మండుతున్నందుకు, దానికి రింగులో వాల్వు సీళ్ళో చూడాలి. నీలం పొగకి కార్బొరేటర్ ట్యూనింగ్ చేసేవాళ్ళకి నమస్కారం.

ఇకపోతే అందరూ తిప్పే ఆ ప్రసిద్ధ స్క్రూ. దాని అధికారం స్లో రేసు వరకే. మెయిన్ రోడ్డు మీద మైలేజీకి దానితో పెద్ద సంబంధం లేదు. పైగా అందులో రెండు రకాలున్నాయి. ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే సాధారణంగా అది గాలి స్క్రూ, విప్పితే మిశ్రమం పల్చబడుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, విప్పితే చిక్కబడుతుంది. 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆర్ఎక్స్ 100 మీద చెయ్యి తిరిగినవాళ్ళు అదే అలవాటుతో ఇంకో బండి మీద తిప్పితే సరిగ్గా వ్యతిరేకం జరగొచ్చు. కాబట్టి తిప్పేముందు పూర్తిగా ఎన్ని చుట్లు బిగుస్తుందో లెక్కపెట్టి రాసుకోండి. ఎప్పుడైనా వెనక్కి రావచ్చు. దీన్నే మనం ఆఫీసులో రోల్‌బ్యాక్ అని గొప్పగా చెప్పుకుంటాం. ఇంకో మాట. జెట్టులో చెత్త ఉంటే క్లీనర్‌తో, గాలితో తియ్యాలి. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, పైగా ఇత్తడి మెత్తన. అందులో సూదో, స్టీలు తీగో పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై, అప్పటిదాకా లేని రోగం శాశ్వతంగా వస్తుంది.

ఇప్పుడు రెండో ముద్దాయి దగ్గరికి వద్దాం.

ఈ-20ని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. 2030 నాటికి అనుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి, 2025 నాటికే దేశంలో సగటు కలయికని ఇరవై శాతానికి తెచ్చారు. పాత బండిలో ఇది ఏం చేస్తుందో మజ్జిగ లెక్కలో చెప్తాను. పెట్రోలు గట్టి పెరుగు, గాలి నీళ్ళు. ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 వంతుల గాలి (బరువులో) కావాలి. ఇథనాల్‌లో ముందే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి 9 వంతులు చాలు. అంటే ఇథనాల్ ముందే నీళ్ళు కలిసిన పెరుగు. రెండూ కలిపిన ఈ-20కి సుమారు 13.5 కావాలి. ఇంజెక్షన్ బండిలో సెన్సరు రుచి చూసి సరిచేస్తుంది. కార్బొరేటర్‌కి నాలుక లేదు, పాత కొలతలోనే నీళ్ళు పోస్తుంది. మజ్జిగ ఏడెనిమిది శాతం పల్చబడుతుంది. ముందే పల్చగా ట్యూన్ చేసిన బండిలో ఇది తెలుస్తుంది, చల్లగా ఉన్నప్పుడు మొరాయించడం, రేసు వదిలితే సైలెన్సర్ టప్ టప్ కొట్టడం లాంటివి. 'మైలేజీ కోసం' మిశ్రమాన్ని ఇంకా పల్చన చేయించుకున్నవాళ్ళు ఇంజను అతిగా వేడెక్కడాన్నీ, పిస్టన్‌నీ దృష్టిలో పెట్టుకోవాలి.

మరి మైలేజీ? 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన రోడ్‌మ్యాప్‌లోనే ఉంది: మామూలు పెట్రోలుకి తయారై, పది శాతం ఇథనాల్‌కి సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాల్లో ఈ-20 వల్ల మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని. అంతకన్నా పాత, సర్దుబాటు లేని బండికి ఇంకొంచెం ఎక్కువే వేసుకుందాం, రెట్టింపే అనుకుందాం. అరవై ఇచ్చే బండి యాభై ఐదు ఇస్తుంది. మీ బండి అరవై నుంచి నలభై ఐదుకి పడిపోయిందా? అంటే పాతిక శాతం. ఆ మిగతాది ఈ-20 ఖాతాలో రాయకండి. ఫిల్టరు చూడండి, బ్రేకు పట్టుకుని తిరుగుతోందేమో చక్రం తిప్పి చూడండి, టైర్లలో గాలి చూడండి, ఫ్లోటు గిన్నె కారుతోందేమో చూడండి. ఈ-20ని తిట్టడం వల్ల వచ్చే నష్టం ఇదే. అసలు రోగానికి మందు పడదు.

అలాగని ఈ-20కి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వడానికి నేను సిద్ధంగా లేను. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. మనలో చాలామంది ఇళ్ళల్లో ఉండే కథే ఇది: దసరాకి ఊరెళ్ళినప్పుడు తోలి, మళ్ళీ సంక్రాంతి దాకా రేకుల షెడ్డులో వదిలేసిన నాన్నగారి బండి. ట్యాంకులో తుప్పు, గిన్నెలో జిగురు, పాత రబ్బరు పైపుల్లో ఉబ్బు. అలా వదిలేసేటప్పుడు ట్యాప్ కట్టేసి, గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపేస్తే తర్వాత బోలెడు తలనొప్పి తప్పుతుంది.

నాకు అసలు కోపం తెప్పించేది వేరే ఉంది. పాత వాహనాల్లో ఎక్కువ కాలం వాడాక, అంటే 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత, కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. ఖర్చు తక్కువేనని కూడా చెప్పింది. బాగుంది. ఏ రబ్బరు? ఏ మోడల్లో? యాలాల్‌లో స్ప్లెండర్ తోలే రైతుకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని, బంకుల్లో ఎంత శాతమో స్పష్టంగా రాయాలని కోరుతూ వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. కోర్టు తీర్పు సరే. కానీ ప్రతి నాజిల్ మీద శాతం ఎంతో తెలుగులో పెద్దక్షరాలతో రాయడానికి కోర్టు ఎందుకు చెప్పాలి? ఏ పాత మోడల్లో ఏ భాగం మార్చాలో ఒక పేజీ కాగితం అచ్చేసి బంకుల్లో, మెకానిక్ షాపుల్లో అంటించడానికి కంపెనీలకి ఏం అడ్డం? ఇన్‌పుట్ మార్చినవాడు రిలీజ్ నోట్స్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రతి బగ్గూ వాడి నెత్తినే రుద్దుతారు, వాడిది కానిది కూడా.

మెకానిక్‌ల మీద విసుర్లు విసిరి ఊరుకుంటే అది అన్యాయం. పది నిమిషాల్లో బండి ఇచ్చెయ్యమంటాం, పార్టు మారిస్తే డబ్బులిస్తాం, రోగం కనుక్కున్నందుకు మాత్రం పైసా ఇవ్వం. "ఏం మార్చినవ్ గని పైసలడుగుతున్నవ్?" అని అడిగే చోట ఏ మెకానిక్ మాత్రం ట్యాంకు మూత తుడిచి ఊరుకుంటాడు? వాడు ఏదో ఒకటి మార్చాలి, కనీసం స్క్రూ అయినా తిప్పాలి. మనం మాత్రం ఆఫీసులో రెండ్రోజులు లాగులు చదివి ఒక్క లైను సరిచేసి, ఆ రెండ్రోజులకీ జీతం తీసుకుంటాం!

అందుకే ఈసారి ఊరెళ్ళినప్పుడు మెకానిక్ దగ్గరికి "కార్పొరేటర్ చూడన్నా" అంటూ పోకండి. "సగం రేసు దాటితే మిస్సింగ్, చోకు వేస్తే బాగుంటుంది, వేడెక్కాకే వస్తుంది" అని చెప్పండి. ఒక్కసారికి ఒక్కటే మార్చమనండి, మార్చినాక తోలి చూడండి. మూత తుడిస్తేనే బాగైపోతే, ఆ తుడిచిన చేతికి పార్టు మార్చినంత డబ్బులివ్వండి. ఏమంటారు?